స్తంభం లేచే రోజు

ఇంటి అవసరానికి గాలితో కరెంటు పుట్టించడం నిన్నమొన్నటి ఆలోచన కాదు. 1887 వేసవిలో స్కాట్లండ్‌లోని మేరీకర్క్ అనే ఊళ్లో జేమ్స్ బ్లైత్ అనే ప్రొఫెసర్ తన సెలవుల ఇంటి పెరట్లో పది మీటర్ల ఎత్తున, గుడ్డ తెరచాపలతో తిరిగే గాలిమరను నిలబెట్టాడు. దాని కరెంటును బ్యాటరీల్లో నింపి ఇంట్లో దీపాలు వెలిగించాడు. ఇంకా మిగులుతోందని, ఊరి పెద్దవీధికి కూడా దీపాలు పెట్టిస్తానన్నాడు. ఇదంతా సైతాను పని అంటూ ఊరివాళ్లు వద్దన్నారు. ఆ చలికాలంలోనే అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చార్లెస్ బ్రష్ అనే ఇంజనీరు తన భవంతి వెనక 18 మీటర్ల టవర్ మీద 144 రెక్కల చక్రాన్ని బిగించి, ఏళ్ల తరబడి ఇల్లంతా వెలిగించుకున్నాడు.

అప్పటికీ ఇప్పటికీ గాలిమర అనగానే అందరి చూపూ రెక్కల మీదికే పోతుంది. ఇంట్లో గాలిమర చేసుకున్నవాళ్లను కదిపితే మాత్రం ముందు స్తంభం సంగతే చెబుతారు. రెక్కలను షెడ్డులో ఒక్కరే కూర్చుని చెక్కుకోవచ్చు. జనరేటర్ కాయిళ్లను రాత్రిపూట బల్ల మీద చుట్టుకోవచ్చు. డబ్బుంటే మొత్తం టర్బైన్‌ను పెట్టెలో తెప్పించుకోవచ్చు. స్తంభం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నలుగురిని పిలవక తప్పదు. ఎందుకంటే మంచి గాలి కిందికి దిగిరాదు, పన్నెండు మీటర్ల పైపు ఒక్కడి చేతుల మీద పైకి లేవదు.

పైగాలి లెక్క

వీచే గాలిలో ఎంత శక్తి ఉందో చెప్పే సూత్రం చిన్నదే. గాలి సాంద్రతలో సగాన్ని రెక్కలు తిరిగే వలయం వైశాల్యంతోనూ, గాలి వేగం ఘనంతోనూ గుణించాలి. అంతా ఆ ఘనంలోనే ఉంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లవుతుంది.

ఇంటి గాలిమర రెక్కలు 2.4 మీటర్ల వ్యాసంతో తిరుగుతున్నాయనుకుందాం. సెకనుకు 5 మీటర్ల వేగంతో గాలి వీస్తే ఆ వలయం గుండా పోయే శక్తి సుమారు 350 వాట్లు. సెకనుకు 10 మీటర్లయితే 2,770 వాట్లు. అందులో 59.3 శాతానికి మించి ఏ యంత్రమూ పిండుకోలేదని 1919లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ లెక్కగట్టాడు. గాలిని పూర్తిగా ఆపేస్తే వెనక వచ్చే గాలికి దారి ఉండదు గనుక కొంత వదిలిపెట్టాల్సిందే. ఇంట్లో చేసుకున్న యంత్రం 30 శాతం అందుకుంటే గొప్పే. అంటే మొదటి గాలికి వంద వాట్లు, రెండో గాలికి ఎనిమిది వందల పైచిలుకు.

వేగం కాస్త పెరిగినా ఇంత లాభం ఉన్నప్పుడు, ఆ వేగం ఎక్కడ దొరుకుతుందన్నది ప్రశ్న. సంక్రాంతికి గాలిపటం ఎగరేసిన పిల్లలందరికీ దీని జవాబు తెలుసు. వీధిలో ఎంత పరుగెత్తినా తల తిప్పుకుని పడిపోయే పటం డాబా ఎక్కితే దానంతటదే దారం లాక్కుపోతుంది. నేల, చెట్లు, గోడలు గాలిని రాసుకుంటూ దాని వేగాన్ని తినేస్తాయి. పైకి పోయేకొద్దీ ఆ రాపిడి తగ్గుతుంది. అడ్డంకులు లేని మైదానంలో 10 మీటర్ల ఎత్తు నుంచి 20 మీటర్లకు వెళితే గాలి వేగం దాదాపు పది శాతం పెరుగుతుందని ఇంజనీర్ల లెక్క. పది శాతమేగా అనిపిస్తుంది గానీ, ఘనం చేసి చూస్తే శక్తి 35 శాతం పెరిగినట్టు. చెట్లూ ఇళ్లూ ఉన్నచోట నేల దగ్గర గాలి మరింత నీరసపడుతుంది కాబట్టి అదే ఎత్తు తేడాకు శక్తి మూడింట రెండొంతుల దాకా పెరగవచ్చు. టర్బైన్ అదే, రెక్కలు అవే. అదనంగా పెట్టిన ఖర్చు పైపుకీ తాళ్లకీ మాత్రమే.

వేగం ఒక్కటే కాదు, గాలి నడక కూడా ముఖ్యం. ఇంటిని దాటి వచ్చిన గాలి సుళ్లు తిరుగుతుంది. ఆ సుడిగాలి ఇంటి ఎత్తుకు రెట్టింపు ఎత్తు దాకా, ఇంటి ఎత్తుకు ఇరవై రెట్ల దూరం దాకా వ్యాపిస్తుందని అంచనా. అందులో పెట్టిన టర్బైన్ దిక్కు తోచక అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. కరెంటు పెద్దగా రాదు, బేరింగులూ రెక్కల మొదళ్లూ మాత్రం త్వరగా అరిగిపోతాయి. అందుకే రెక్క కింది కొస, 90 మీటర్ల లోపు ఉన్న ఏ చెట్టుకన్నా ఇంటికన్నా కనీసం 9 మీటర్లు పైన ఉండాలని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. చెట్టు పెరుగుతుందనీ టవర్ పెరగదనీ గుర్తుపెట్టుకుని లెక్క వేసుకోవాలి.

ఇంత తంటా ఎందుకు, ఇంటి కప్పు మీదే బిగిస్తే పోదా అన్న ఆలోచన బ్రిటన్‌లో చాలామందికి వచ్చింది. వార్విక్ ట్రయల్స్ పేరుతో 2007, 2008 సంవత్సరాల్లో భవనాల మీద బిగించిన 26 చిన్న టర్బైన్లకు మీటర్లు పెట్టి చూశారు. సగటున ఒక్కో టర్బైన్ రోజుకు 214 వాట్-అవర్లు ఇచ్చింది. చెడిపోయి ఆగిన, ఆపేసిన రోజులను తీసేసి లెక్కేసినా 628 వాట్-అవర్లే. పది వాట్ల ఎల్‌ఈడీ బల్బును మొదటి లెక్కన ఒక రోజు కూడా పూర్తిగా వెలిగించలేం. కొన్నిచోట్లయితే టర్బైన్ తన ఎలక్ట్రానిక్ పరికరాల కోసం ఇంటి కరెంటునే ఎదురు వాడుకుంది.

యూకలిప్టస్ కర్రల టవర్

ఎత్తు విలువను ఏ పుస్తక సూత్రం కన్నా బాగా చూపించేది మలావీ కథ. 2001-02లో ఆ దేశంలో కరువు వచ్చింది. కసుంగు ప్రాంతంలోని మసిటాలా అనే పల్లెలో ఫీజు కట్టలేక బడి మానేసిన 14 ఏళ్ల విలియం కంక్వాంబా, ఊరి ప్రాథమిక పాఠశాల లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాడు. అక్కడ 'యూజింగ్ ఎనర్జీ' అనే పుస్తకంలో గాలిమర బొమ్మలు చూశాడు. పాత ఇనుప సామాన్ల కుప్పల్లో వెతికి ట్రాక్టర్ ఫ్యాను, షాక్ అబ్జార్బర్, పాత సైకిలు సంపాదించాడు. ప్లాస్టిక్ గొట్టాన్ని వేడిచేసి చదును చేసి రెక్కలు కోశాడు. సైకిలు డైనమోయే జనరేటర్.

ఇదంతా చాలావరకు అతనొక్కడే చేసుకున్నాడు. వీధిలో పోయేవాళ్లు పిచ్చిపట్టిందని నవ్వుకున్నారు. టవర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బంధువు జెఫ్రీ, స్నేహితుడు గిల్బర్ట్ వచ్చి చేయి కలిపారు. ముగ్గురూ యూకలిప్టస్ జాతి కర్రలు కొట్టి, 5 మీటర్ల నిచ్చెన లాంటి టవర్ కట్టి, యంత్రాన్ని పైకి ఎక్కించారు. ఊరు ఊరంతా చూస్తుండగా బల్బు వెలిగింది.

వచ్చింది ఓ 12 వాట్లు. ఇంట్లో నాలుగు దీపాలకూ రెండు రేడియోలకూ సరిపోయింది. ఆ తర్వాత అతను చేసిన మార్పుల్లో ముఖ్యమైనది టవర్‌ను 12 మీటర్లకు పెంచడం. చుట్టూ ఉన్న చెట్లు గాలిని అడ్డుకుంటున్నాయి మరి. 2007లో టాంజానియాలోని అరూషాలో జరిగిన టెడ్ సభలో అతను మాట్లాడాక ఆ కథ ప్రపంచానికి తెలిసింది. 2009లో పుస్తకం, 2019లో సినిమా వచ్చాయి.

పడుకోబెట్టి లేపే విద్య

కర్రల టవర్ ఎక్కి పని చేయడం ప్రమాదం. నాలుగు కాళ్ల ఇనుప టవర్ ఖర్చు ఎక్కువ, ఎక్కే పని ఎలాగూ తప్పదు. ఇంటి గాలిమరలకు ఎక్కువమంది ఎంచుకునేది మూడో దారి. ఉక్కు పైపును నేల మీద పడుకోబెట్టి, తల దగ్గర టర్బైన్ బిగించి, అంతా కలిపి ఒక్కసారిగా లేపుతారు. పైపు అడుగున తలుపు మడతబందు లాంటి కీలు ఉంటుంది. నిలబడ్డాక నాలుగు వైపులా ఉక్కు తాళ్లు పట్టి ఉంచుతాయి. కరెంటు స్తంభాల దగ్గర లైన్‌మెన్లు స్టే వైర్లనేవి ఇవే.

పడుకుని ఉన్న పైపు తలకు తాడు కట్టి, కీలు అవతలి నుంచి నేలబారుగా లాగితే ఏమవుతుంది? ఏమీ కాదు. పైపు కీలు వైపు నొక్కుకుంటుంది తప్ప అంగుళం లేవదు. లాగే తాడు కీలుకు ఎంత ఎడంగా పోతే లేపే బలం అంత ఎక్కువ. ఆ ఎడం కోసమే జిన్ పోల్ ఉంది. అది పైపు అడుగున, పైపుకు సరిగ్గా మూలమట్టంగా నిలబెట్టే రెండో గుంజ. టవర్ పడుకుని ఉన్నప్పుడు ఇది నిటారుగా ఉంటుంది. టవర్ లేచేకొద్దీ ఇది వంగుతూ నేలకు చేరుతుంది. టవర్ తలకు కట్టిన తాళ్లు ఈ గుంజ కొసకు వస్తాయి. ఆ కొస నుంచి ఇంకో తాడు నేలలో పాతిన దిమ్మ దగ్గర, తాడును చుట్టుకునే వించ్‌కు పోతుంది.

లెక్క వేసి చూస్తే దీని మహిమ తెలుస్తుంది. పైపు పొడవు 12 మీటర్లు, బరువు 100 కిలోలు, తల దగ్గర టర్బైన్ 40 కిలోలు అనుకుందాం. జిన్ పోల్ 6 మీటర్లు, వించ్ కీలుకు 6 మీటర్ల దూరంలో. పైపు నేల విడిచే క్షణంలో వించ్ తాడు మీద పడే లాగుడు సుమారు 255 కిలోల బరువుతో సమానం. మొత్తం సరుకు 140 కిలోలే అయినా తాడు దాదాపు రెట్టింపు మోస్తుంది. పైపు కొరతని జిన్ పోల్‌ను 3 మీటర్లకు కుదిస్తే ఆ లాగుడు 400 కిలోలు దాటుతుంది. ఉన్న తాడు తెగడానికీ దిమ్మ పెకలి రావడానికీ ఆ తేడా చాలు. టవర్ 60 డిగ్రీలు లేచేసరికి, 6 మీటర్ల గుంజతో, లాగుడు 95 కిలోల లోపుకు పడిపోతుంది. కాబట్టి మొదటి అడుగు లేవడమే గండం. అక్కడ తాడూ దిమ్మా తట్టుకున్నాయంటే మిగతా దారి తేలిక. ఇంత బరువును మనుషులు చేతులతో లాగరు. చేతితో తిప్పే వించో, బోరు మోటార్లు పైకి తీసేవాళ్లు వాడే చైన్ పుల్లీయో కావాలి. ట్రాక్టరుకు కట్టి లాగించేవాళ్లూ ఉన్నారు గానీ, ఏదైనా చిక్కుకుంటే ట్రాక్టరుకు ఆ సంగతి తెలియదు, చేతికి తెలుస్తుంది.

మరి వించ్ ఒక్కరే తిప్పగలిగినప్పుడు స్నేహితులెందుకు? చూడటానికి. అందరూ కళ్లప్పగించాల్సిన పని ఇది. పక్కల ఉన్న రెండు దిమ్మలూ కీలుతో ఒకే గీతలో, ఒకే మట్టంలో ఉంటే పక్క తాళ్లు మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగుతులో ఉంటాయి. నేల కాస్త వాలుగా ఉన్నా, గీత తప్పినా, టవర్ లేచేకొద్దీ ఒక తాడు వదులవుతుంది, రెండోది తెగేలా బిగుస్తుంది. కాబట్టి ఆ పక్కొకరు, ఈ పక్కొకరు. జిన్ పోల్ పక్కకు ఒరుగుతోందా అని చూసే మనిషి ఇంకొకరు. అన్నింటికన్నా మోసం చేసేది చివరి ఘట్టం. టవర్ నిటారుగా వచ్చేసరికి బరువంతా కీలు మీదికి చేరి వించ్ తాడు ఒక్కసారి తేలికైపోతుంది. అప్పుడు ఇంకో రెండు పట్లు పట్టారంటే టవర్ ఎదురుగా వించ్ తిప్పే మనిషి మీదికే వాలుతుంది. వెనక తాడు సరైన పొడవులో ముందే కట్టి ఉండాలి, దాని దగ్గర ఒకరు నిలబడి ఉండాలి. అందరికీ కనబడేచోట నిలబడి ఆజ్ఞ ఇచ్చే మనిషి ఒక్కరే. "ఎత్తు" అనే మాట ఆ ఒక్కరి నోటి నుంచే రావాలి. "ఆపు" అని మాత్రం ఎవరైనా అరవొచ్చు, ఎవరు అరిచినా ఆపాలి.

అనుభవం ఉన్నవాళ్లు టర్బైన్ బిగించకుండా ఒట్టి పైపును ముందొకసారి లేపి, తాళ్ల పొడవులు సరిచేసుకుని, మళ్లీ దించుతారు. టర్బైన్ బిగించాక దాని మూడు వైర్లనూ కలిపి షార్ట్ చేస్తారు. అలా చేస్తే జనరేటరే బ్రేకులా పట్టి రెక్కలను తిరగనివ్వదు. గాలి లేని ఉదయం చూసుకుంటారు. టవర్ ఎటు పడినా అందనంత దూరంలో పిల్లల్ని నిలబెడతారు.

స్టే వైరును దిమ్మ దగ్గర మడిచి బిగించే క్లిప్పు చూడటానికి అరచేతిలో ఇమిడిపోతుంది. దానికి రెండు భాగాలు. ఒకటి యు ఆకారపు బోల్టు, రెండోది గాడి ఉన్న ఇనుప దిమ్మె. గాడి ఉన్న భాగం బరువు మోసే పొడుగు తాడు మీద కూర్చోవాలి, యు బోల్టు మిగిలిన పొట్టి కొస మీద పడాలి. తిరగేసి బిగిస్తే బోల్టు పొడుగు తాడును నలిపేస్తుంది. ఆ నలిగిన చోట లోపలి తీగలు ఒక్కొక్కటే తెగుతూ వస్తాయి. తాళ్లు బిగించే టర్న్‌బకిల్స్ సంగతీ అంతే. గాలికి టవర్ సన్నగా కంపిస్తూ ఉంటే మరలు వాటంతటవే విప్పుకుంటాయి. వాటి కన్నాల్లోంచి ఒక ముక్క తీగ దోపి మెలేస్తే ఆ బెడద ఉండదు.

స్కొరైగ్ నుంచి ఊల్ఫ్‌బోర్గ్ దాకా

ఈ విద్యను ఇళ్లకు చేర్చినవాళ్లలో హ్యూ పిగ్గట్ పేరు ముందుంటుంది. స్కాట్లండ్ వాయవ్య తీరంలో స్కొరైగ్ అనే ద్వీపకల్పానికి రోడ్డు లేదు. పడవలో వెళ్లాలి, లేదా కొండదారిన నడవాలి. కరెంటు లైనూ లేదు. గాలికి మాత్రం కొదవ లేదు. 1970లలో అక్కడ స్థిరపడిన పిగ్గట్ చెక్కతో రెక్కలు చెక్కి, అయస్కాంతాల పళ్లేల మధ్య రాగి కాయిళ్లను రెజిన్‌లో పోతపోసి, మామూలు వెల్డింగ్ షాపులో చేసుకోదగ్గ టర్బైన్‌ను రూపొందించాడు. దాని తోక మహా తెలివైనది. గాలి మరీ బలంగా వీస్తే రెక్కలు వాటంతటవే గాలికి పక్కకు తిరిగిపోతాయి, తోక మడుచుకుంటుంది. గాలి తగ్గగానే మళ్లీ ఎదురు తిరుగుతాయి. 2.4 మీటర్ల చక్రాన్ని సెకనుకు 20 మీటర్ల గాలి నేరుగా తోస్తే స్తంభం తల మీద వంద కిలోల ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడిని స్తంభం మీద పడనివ్వకుండా చేసేది ఈ తోకే.

పిగ్గట్ పుస్తకాలు, శిక్షణ శిబిరాల ద్వారా ఈ నమూనా ఆఫ్రికా, లాటిన్ అమెరికా, ఆసియా దేశాలకు పాకింది. తమిళనాడులోని ఆరోవిల్‌లో మిన్‌వాయు అనే బృందం ఈ పద్ధతిలోనే టర్బైన్లు తయారుచేసి ఇతరులకూ నేర్పింది.

నలుగురి సాయం నాలుగు వందల మంది సాయమైతే ఏం జరుగుతుందో డెన్మార్క్ చూపించింది. పశ్చిమ తీరంలో ఊల్ఫ్‌బోర్గ్ దగ్గర ట్విండ్ అనేచోట ఉన్న బడుల ఉపాధ్యాయులూ విద్యార్థులూ 1975లో తమ కరెంటు తామే పుట్టించుకుందామని గాలిమర పని మొదలుపెట్టారు. అణువిద్యుత్తు కావాలా వద్దా అని దేశమంతా వాదించుకుంటున్న రోజులవి. ఉపాధ్యాయులు జీతాలు కలిపి పెట్టుబడి పెట్టారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన స్వచ్ఛంద కార్యకర్తలు కాంక్రీటు కలిపారు, ఫైబర్‌గ్లాస్ రెక్కలను చేతులతో పోతపోశారు. 1978 మార్చిలో 53 మీటర్ల కాంక్రీటు టవర్ మీద 54 మీటర్ల వ్యాసంతో ఆ చక్రం తిరిగింది. అప్పటికి ప్రపంచంలో అంత పెద్ద గాలిమర ఇంకొకటి లేదు. 1985లో డెన్మార్క్ పార్లమెంటు అణువిద్యుత్తును పక్కన పెట్టేసింది.

మన గాలి, మన తుపాను

తెలుగు నేల మీద గాలి అన్నిచోట్లా ఒకలా ఉండదు. రాయలసీమలోని రామగిరి కొండల మీద 1990లలోనే పెద్ద టర్బైన్లు వెలిశాయి. రాయలసీమ మెట్టల మీద జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి జోరుగా ఉంటుంది, ఆ నెలల్లోనే మబ్బు పట్టి సోలార్ పలకల దిగుబడి తగ్గుతుంది. కాబట్టి కరెంటు లైను అందని తోటల్లో, కొండ అంచు ఇళ్లలో రెండూ కలిపి పెట్టుకుంటే ఒకదాని లోటును ఇంకొకటి పూడుస్తుంది. ఊరి నడుమ, చెట్ల గుబురులో ఉన్న ఇంటికి మాత్రం సోలారే చవక. ఏడాది సగటు గాలి సెకనుకు నాలుగున్నర, ఐదు మీటర్లయినా లేనిచోట చిన్న గాలిమర మీద డబ్బు పెట్టడం దండగ.

కోస్తాలో ఇంకో లెక్క ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు, అంటే సెకనుకు 50 మీటర్లు. గాలి తోపు వేగం వర్గంతో పెరుగుతుంది. సెకనుకు 10 మీటర్ల మామూలు గాలితో పోలిస్తే అది 25 రెట్లు. ఆ దెబ్బకు చిన్న టర్బైన్ తట్టుకోవడం కష్టం. లేపిన దారినే దించగల టవర్‌కు ఇక్కడే విలువ. హరికేన్లు వచ్చే కరీబియన్ దీవుల్లో ఇలాంటి టవర్లను హెచ్చరిక రాగానే పడుకోబెట్టి, నేలకు కట్టేసి, గాలి వెళ్లాక మళ్లీ లేపుతారు. మన దగ్గర తుపాను హెచ్చరిక ఒకటి రెండు రోజుల ముందే వస్తుంది కాబట్టి ఆ వ్యవధి చాలు. కాకపోతే జిన్ పోల్, వించ్, తాళ్లు అన్నీ చేతికందేచోటే ఉంచుకోవాలి, గాలి ముదరకముందే పని ముగించాలి.

తుపాను రాకపోయినా ఏడాదికోసారి దించక తప్పదు. గాలిని చీల్చే రెక్క అంచు ఇసుకకూ వానకూ కొరుక్కుపోయిందా, బేరింగులో గ్రీజు ఉందా, స్తంభం లోపలి కేబుల్ మెలిపడిందా అని చూస్తారు. స్టే వైర్ల క్లిప్పులు మళ్లీ బిగిస్తారు. కొత్త ఉక్కు తాడు మొదటి వారాల్లో కాస్త సాగుతుంది గనుక వాటిని తొలి నెలలోనే ఒకసారి సరిచూసుకోవాలి. దించడం లేపడం కన్నా తేలికనుకుంటారు గానీ, మొదటి అడుగులో ఉన్న 255 కిలోల లాగుడు ఈసారి చివరి అడుగులో, అందరూ అలసిపోయాక ఎదురవుతుంది. కాబట్టి కబురు వెళ్లేది మొదటిసారి తాళ్ల దగ్గర నిలబడ్డవాళ్లకే. ఏ తాడు ఎటు బిగుస్తుందో తెలిసింది వాళ్లకే మరి.